రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషిని కోల్పోయిన కుటుంబానికి నష్టపరిహారం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో మనిషి పోయి పది రోజులు కాకముందే కాగితాల గొడవ మొదలవుతుంది. పోలీసులు సంతకం అడుగుతారు, ఆసుపత్రి వాళ్లు ఇంకొకటి అడుగుతారు, ఎవరో తెలియని మనిషి ఫోను చేసి ‘కేసు నేను చూసుకుంటాను’ అంటాడు. దుఃఖంలో ఉన్నవారికి ఏది చేయాలో, ఏది చేయకూడదో చెప్పేవారు ఆ సమయంలో ఎక్కువమంది ఉండరు. మన దేశంలో రోడ్డు ప్రమాద మరణాలకు వర్తించే మోటారు వాహనాల చట్టం ప్రకారం, బాధిత కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను. రైలు, ఆసుపత్రి, కరెంటు ప్రమాదాల గురించి చివర్లో కొంత ఉంది.

మనిషే పోయాక డబ్బు కోసం కోర్టుకు వెళ్లడం ఏం బాగుంటుంది?

ఈ మాట దాదాపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. ఎక్కువగా పోయిన వ్యక్తి తల్లో తండ్రో అంటారు. వారి బాధ నిజమైనదే. కానీ పరిహారం నిర్ణయించే ప్రత్యేక కోర్టు, అంటే ట్రిబ్యునల్, ప్రాణానికి ధర కట్టదు. పోయిన మనిషి బతికి ఉంటే ఇంటికి ఎంత తెచ్చేవాడు, ఆ సంపాదనపై ఎవరెవరు బతికేవారు అన్నదే అది లెక్క వేస్తుంది. పిల్లల చదువు, ఇంటి అద్దె, తల్లి మందులు, తీరని అప్పు అన్నీ ఆ లెక్కలో ఉన్నవే. రోడ్డెక్కే వాహనానికి థర్డ్ పార్టీ బీమా (ఆ వాహనం వల్ల నష్టపోయిన బయటివారికి చెల్లించే బీమా) తప్పనిసరి చేసింది, ప్రీమియం వసూలు చేస్తున్నది ఇందుకోసమే. మీరు అడిగేది దయ కాదు, మీ పిల్లలకు రావలసిన బాకీ. అడగడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

పోలీసు కేసు నడుస్తోంది కదా, మళ్లీ ఇంకో కేసు ఎందుకు?

రెండూ వేర్వేరు. నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారణమైన డ్రైవరుపై పోలీసులు పెట్టేది క్రిమినల్ కేసు. 2024 జూలై 1 తర్వాత జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్, అంతకుముందు వాటికి పాత శిక్షాస్మృతి 304ఏ సెక్షన్ వర్తిస్తుంది. అందులో డ్రైవరుకు జైలు శిక్ష, జరిమానా పడవచ్చు. కుటుంబానికి జీవనాధారం మాత్రం అక్కడ దొరకదు. దానికోసం మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో విడిగా పిటిషన్ వేయాలి.

క్రిమినల్ కోర్టు డ్రైవరును నిర్దోషిగా వదిలేస్తే నష్టపరిహారం పోయినట్టేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. క్రిమినల్ కేసులో నేరం సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి. ట్రిబ్యునల్‌కు అంత అక్కరలేదు, ప్రమాదం ఇలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందని సాక్ష్యం చూపితే చాలు. డ్రైవరు అక్కడ బయటపడినా ఇక్కడ కుటుంబం గెలిచిన కేసులు ఎన్నో ఉన్నాయి.

మొదటి కొన్ని వారాల్లో ఏం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు ఎఫ్ఐఆర్ నకలు తీసుకుని, ఇంట్లో చదువుకున్నవారితో అక్షరం అక్షరం చదివించండి. వాహనం నంబరులో ఒక అంకె మారినా, మృతుడి పేరు ఆధార్‌లో ఒకలా, ఎఫ్ఐఆర్‌లో ఇంకోలా ఉన్నా, బీమా కంపెనీ లాయరు ఏడాదిన్నర తర్వాత దాన్నే పట్టుకుంటాడు. ఫిర్యాదు ఇచ్చే బంధువు సాధారణంగా ప్రమాదాన్ని కళ్లారా చూసి ఉండడు. హడావుడిలో ‘బైకు అదుపు తప్పి పడిపోయాడు’ అని ఎవరో చెప్పిన మాటే రాయిస్తాడు. వెనక నుంచి లారీ గుద్దిన సంగతి రెండు రోజుల తర్వాత తెలుస్తుంది. అలా జరిగితే ఊరుకోవద్దు. తెలిసిన వెంటనే దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు మీ నకలుపై సంతకం, తేదీ తీసుకోండి. ఆలస్యమైన కొద్దీ ఆ మాటను తర్వాత అల్లినదని కొట్టిపారేస్తారు.

ప్రమాదం జరిగిన చోట టీ బడ్డీ, పెట్రోలు బంకు, దుకాణం ఏదైనా ఉంటే అక్కడికి ఇంట్లో ఎవరైనా ఒకరు వెళ్లాలి. చూసినవారి పేరు, ఫోను నంబరు రాసుకోవాలి. సీసీ కెమెరాలు ఉంటే ఆ దృశ్యాలను స్వాధీనం చేసుకోవాలని పోలీసులకు ఆ రోజే రాసివ్వండి. కెమెరాలో కొన్నాళ్లకు పాత దృశ్యాలపై కొత్తవి ఎక్కేస్తాయి, ఆ తర్వాత ఎంత వెతికినా దొరకవు. సాక్ష్యం చెబితే తమకు చిక్కులు వస్తాయని చాలామంది వెనకాడతారు. గాయపడినవారికి మంచి మనసుతో సాయం చేసినవారిపై కేసు పెట్టకూడదని చట్టంలోనే 134ఏ సెక్షన్ ఉందని వారికి చెప్పండి.

తర్వాత చేతికి రావలసిన కాగితాలు: పోస్టుమార్టం నివేదిక, శవ పంచనామా, ప్రమాద స్థలం పంచనామా, స్కెచ్, మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక, పోలీసుల ఛార్జిషీటు, వాహనం ఆర్‌సీ, బీమా పాలసీ, డ్రైవరు లైసెన్సు నకళ్లు. మీ వైపు నుంచి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, మృతుడి వయసు రుజువు, ఆదాయ రుజువు కావాలి. ఆసుపత్రిలో కొన్ని రోజులు ఉండి చనిపోతే బిల్లులు, మందుల చీటీలు ఒక్కటి కూడా పారేయకండి. డిశ్చార్జి పత్రం, చికిత్స రికార్డు కూడా ముఖ్యమే, ప్రమాదంలో తగిలిన గాయమే మరణానికి కారణమని చూపేవి అవే.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే ట్రిబ్యునల్ క్లెయిము దరఖాస్తుగా స్వీకరించే వీలు కూడా ఉంది. అయినా పోలీసులు పంపుతారులే అని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మీ పిటిషన్ మీరు వేయండి.

వాహనం యజమాని మనుషులు వచ్చి రాజీ చేసుకుందామంటున్నారు. సంతకం పెట్టవచ్చా?

వద్దు. కనీసం ఆ రోజు వద్దు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. పెద్దకర్మకు ఒకటి రెండు రోజుల ముందు ఊరి పెద్దమనిషి ఒకరిని వెంటబెట్టుకుని వస్తారు. ‘ఖర్చులకు ఉంచండి’ అని కొంత సొమ్ము చేతిలో పెడతారు. మాటలన్నీ మెత్తగా ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒక కాగితం తీస్తారు. ‘మావాడి తప్పిదం వల్లే ప్రమాదం జరిగింది, మాకు ఎవరిపైనా ఫిర్యాదు లేదు’ అని అందులో ఉంటుంది. చదివే ఓపిక ఎవరికీ ఉండదు. కొన్నిసార్లు అది ఉత్త తెల్లకాగితమే.

ఇలాంటి ప్రైవేటు రాజీ కాగితంతో పిల్లల హక్కు ఆటోమేటిక్‌గా పోదు. తల్లి సంతకం పెట్టినంత మాత్రాన మైనర్ల వాటా రద్దు కాదు. కానీ తప్పు మీ మనిషిదేనని మీరే రాసిచ్చిన కాగితం ట్రిబ్యునల్‌లో మీకే ఎదురు తిరుగుతుంది. యజమాని మానవత్వంతో అంత్యక్రియలకు సాయం చేస్తానంటే తీసుకోండి, తప్పు లేదు. సంతకం అడిగితే మాత్రం ‘లాయరుకు చూపించి చెబుతాం’ అనండి. నిజంగా సాయం చేయడానికి వచ్చినవారికి ఆ మాట వల్ల కోపం రాదు.

ఎన్ని రోజుల్లోగా వేయాలి?

ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2019 సవరణతో ఈ గడువు మళ్లీ చట్టంలోకి వచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది. ఈ నిబంధన చెల్లుబాటును సవాలు చేస్తూ పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. కాబట్టి గడువు దాటిపోయినవారు ఇక అయిపోయిందని తమంతట తాము తీర్మానించుకోకుండా వెంటనే లాయరును కలవాలి. గడువులో ఉన్నవారు మాత్రం ఆ ఆశతో ఆలస్యం చేయకూడదు. ఛార్జిషీటు రాలేదని ఆగవద్దు, అది తర్వాత దాఖలు చేసుకోవచ్చు.

ఎవరెవరు అడగవచ్చు?

మృతుడి చట్టబద్ధ వారసులు, ప్రతినిధులు. భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రుల విషయంలో సందేహం లేదు. పెళ్లైన కూతురికి హక్కు లేదని చెప్పేవారి మాట నమ్మవద్దు. ఆమె పిటిషన్ వేయవచ్చని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. పెళ్లై, సంపాదిస్తున్న కొడుకులూ అడగవచ్చని 2020లో చెప్పింది. అల్లుడి ఇంట్లో అతని సంపాదనపై బతుకుతున్న అత్తగారికి కూడా హక్కు ఉందని 2021లో తీర్పు వచ్చింది. అడిగే హక్కు వేరు, ఎంత వస్తుందన్నది వేరు. ఆ మొత్తం ఎవరు ఎంత ఆధారపడ్డారన్న దాన్ని బట్టి ఉంటుంది.

అందరూ కలిసి ఒకే పిటిషన్ వేయాలి. ఎవరైనా కలిసి రాకపోతే వారిని ప్రతివాదులుగా చేర్చాలి. ఒక వారసుడిని దాచి వేసిన పిటిషన్ తర్వాత చిక్కుల్లో పడుతుంది.

ఎక్కడ వేయాలి?

ప్రమాదం జరిగిన చోట, మీరు నివసించే చోట, లేదా ప్రతివాది నివాసం ఉన్న చోటి ట్రిబ్యునల్‌లో. కొడుకు వేరే రాష్ట్రంలో హైవేపై చనిపోయినా అంత దూరం తిరగనక్కరలేదు, మీ జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు. మన జిల్లాల్లో సాధారణంగా జిల్లా జడ్జీలే ట్రిబ్యునల్‌కు అధ్యక్షత వహిస్తారు. కోర్టులో ఈ పిటిషన్‌ను ఎం.వి.ఓ.పి. అంటారు.

పరిహారం ఎంత వస్తుంది? ఎలా లెక్క వేస్తారు?

ఈ లెక్క ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి. తెలిస్తే ఎవరూ మిమ్మల్ని తక్కువ సొమ్ముకు ఒప్పించలేరు. సుప్రీంకోర్టు 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ప్రణయ్ సేథీ తీర్పు దీనికి ఆధారం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 34 ఏళ్ల టైలరు, సొంత దుకాణం, నెలకు 15,000 రూపాయల ఆదాయం. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ముందుగా, బతికి ఉంటే ఆదాయం పెరిగేది కదా, దానికి కొంత కలుపుతారు. స్వయం ఉపాధిలో ఉండి 40 ఏళ్ల లోపు వయసైతే 40 శాతం. అంటే 6,000 కలిపి 21,000. అందులో అతను తన సొంతానికి ఖర్చు పెట్టుకునేది తీసేస్తారు. ఆధారపడినవారు నలుగురు కాబట్టి నాలుగో వంతు పోగా 15,750 మిగులుతుంది. ఏడాదికి 1,89,000. దీన్ని వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. 31 నుంచి 35 ఏళ్ల వారికి గుణకం 16. మొత్తం 30,24,000 రూపాయలు.

దీనికి మరికొన్ని కలుస్తాయి. భార్యకు భర్త తోడు, పిల్లలకు తండ్రి అండ, తల్లికి కొడుకు ఆసరా పోయినందుకు ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చే మొత్తం 2017లో 40,000. అంత్యక్రియలకు 15,000, మృతుడు వారసులకు మిగిల్చి ఉండేది పోయినందుకు ‘ఆస్తి నష్టం’ కింద 15,000. మూడేళ్లకోసారి వీటిని 10 శాతం పెంచాలని ఆ తీర్పులోనే ఉంది. రెండుసార్లు పెరిగాక అవి 48,400, 18,150 అయ్యాయి. మన ఉదాహరణలో నలుగురికి 1,93,600, మిగిలిన రెండూ కలిపి 36,300. అన్నీ కూడితే 32,53,900 రూపాయలు. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ అదనం. పెద్దకర్మ ముందు రోజు చేతిలో పెట్టిన సొమ్ముతో దీన్ని పోల్చి చూడండి.

మిగతా కొలతలు క్లుప్తంగా చెబుతాను. శాశ్వత ఉద్యోగం ఉన్నవారికి కలిపే శాతం 40 ఏళ్ల లోపు 50, 40 నుంచి 50 మధ్య 30, 50 నుంచి 60 మధ్య 15. స్వయం ఉపాధి, స్థిర జీతం వారికి అవే వయసులకు 40, 25, 10. సొంత ఖర్చు కింద తీసేది ఆధారపడినవారు ఇద్దరు ముగ్గురైతే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు, అంతకు మించితే అయిదో వంతు, మృతుడు అవివాహితుడైతే సాధారణంగా సగం. గుణకం 15 నుంచి 25 ఏళ్ల వారికి 18 ఉంటుంది. అక్కడి నుంచి తగ్గుతూ 46 నుంచి 50 ఏళ్ల వారికి 13, 56 నుంచి 60 ఏళ్ల వారికి 9, 65 దాటినవారికి 5 అవుతుంది. అవివాహితుడు చనిపోయినా చూడవలసింది మృతుడి వయసునే, తల్లిదండ్రుల వయసును కాదు.

పిటిషన్‌లో తక్కువ అడిగామని బాధపడేవారికి ఒక మాట. న్యాయమైన మొత్తం అంతకంటే ఎక్కువని తేలితే, అడిగినదానికి మించి ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

జీతం స్లిప్పు లేదు. కూలి పని చేసేవాడు. ఆదాయం ఎలా చూపాలి?

కేసుల్లో పరిహారం తగ్గిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. ఆదాయానికి ఏ రుజువూ చూపకపోతే ట్రిబ్యునల్ కనీస వేతనం దగ్గరో, తనకు సబబుగా తోచిన అంకె దగ్గరో ఆగిపోతుంది. నెలకు రెండు వేలు తగ్గినా, ఇందాకటి లెక్కలో అది నాలుగు లక్షల పైమాటే.

కాబట్టి వెతకండి. మేస్త్రీ దగ్గర హాజరు పుస్తకం ఉంటుంది. పాల కేంద్రంలో పదిహేను రోజులకోసారి రాసే చీటీలు ఉంటాయి. మార్కెట్ యార్డులో పంట అమ్మిన తక్‌పట్టీలు, పట్టాదారు పాసుపుస్తకం, ఆటో అయితే పర్మిట్టు, ఫైనాన్సు వాయిదాలు కట్టిన రసీదులు పనికొస్తాయి. నెలకు 8,000 వాయిదా క్రమం తప్పకుండా కట్టినవాడి ఆదాయం 9,000 అని ఎవరూ అనలేరు. ఫోనులో డబ్బు తీసుకునే దుకాణమైతే బ్యాంకు స్టేట్‌మెంటే మంచి సాక్ష్యం. పిల్లల బడి ఫీజు రసీదులు కూడా ఇంటి స్థాయిని చూపుతాయి. పని ఇచ్చినవారు కాగితం ఇస్తే సరిపోదు, వారు కోర్టుకు వచ్చి చెప్పాలి. ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

చనిపోయింది గృహిణి. లేదా చదువుకునే పిల్లవాడు. సంపాదన లేదు కదా?

గృహిణి చేసే పనికి జీతం లేకపోవచ్చు, విలువ లేకుండా పోదు. వంట, పిల్లల పెంపకం, పెద్దల సేవ, ఇంటి నిర్వహణ వీటన్నిటికీ ఊహాత్మక ఆదాయం నిర్ణయించాలని, దానికి భవిష్యత్తు పెరుగుదల కూడా కలపాలని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది. పల్లెల్లో ఆ తల్లి పొలం పనికి కూడా వెళ్లేదైతే, రెండు గేదెలు చూసుకునేదైతే, పిటిషన్‌లో ‘గృహిణి’ అని ఒక్క మాట రాసి వదిలేయవద్దు. అవన్నీ రాయించండి. చదువుకునేవారి విషయంలో వారి చదువు, మార్కులు, ఆ చదువు పూర్తయితే దొరికే ఉద్యోగం చూస్తారు. చిన్నపిల్లల విషయంలోనూ ఊహాత్మక ఆదాయం మీదే లెక్క వేస్తారు.

తప్పు మావాడిదీ కొంత ఉంది. హెల్మెట్ లేదు.

కొంత తప్పు ఉంటే క్లెయిము పోదు, ఆ మేరకు తగ్గుతుంది. మృతుడి తప్పు 25 శాతమని తేలితే మొత్తంలో పావు వంతు కోస్తారు. హెల్మెట్ లేకపోవడం, బైకుపై ముగ్గురు ఎక్కడం చట్టప్రకారం తప్పే. కానీ ప్రమాదానికి లేదా మరణానికి అదే కారణమని ఎదుటివారు చూపాలి. బైకుపై ముగ్గురు ఉన్నంత మాత్రాన కోత పెట్టకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది.

పూర్తిగా మృతుడి తప్పిదమే అయితే, వేరే వాహనం ప్రమేయమే లేకపోతే, థర్డ్ పార్టీ బీమా కింద అడగడం కష్టం. అప్పుడు చూడవలసింది యజమాని-డ్రైవరుకు ఉండే వ్యక్తిగత ప్రమాద బీమా. దాని కనీస మొత్తం 15 లక్షలు. పాలసీ కాగితంలో ఆ వరుస ఉందో లేదో వెతకండి. చాలా కుటుంబాలకు ఇది ఉందనే తెలియక వదులుకుంటున్నాయి.

ఎవరి తప్పో రుజువు చేయలేకపోతే?

మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద, తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షల రూపాయలు వస్తాయి. త్వరగా వస్తుంది, వాదన ఉండదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ మొత్తాన్ని స్వీకరిస్తే 166వ సెక్షన్ కింద వేసిన పూర్తి క్లెయిము ఆగిపోతుంది. ఎదుటివారి తప్పుకు సాక్ష్యం ఉన్నప్పుడు తొందరపడి 5 లక్షలకు ఒప్పుకోవడమంటే, పై ఉదాహరణలోని కుటుంబం 27 లక్షలకు పైగా వదులుకోవడమే. సాక్షి లేడు, దృశ్యాలు లేవు, ఎఫ్ఐఆర్ బలహీనంగా ఉంది అనుకున్నప్పుడు మాత్రం ఇది మంచి దారి.

గుద్దిన వాహనానికి బీమా లేదు. డ్రైవరుకు లైసెన్సు లేదు. ఇప్పుడెలా?

లైసెన్సు లేకపోవడం మీ సమస్య కాదు. అలాంటి కేసుల్లో బీమా కంపెనీ ముందు మీకు చెల్లించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కోర్టులు ఆదేశిస్తూ వస్తున్నాయి. బీమానే లేకపోతే యజమాని సొంత ఆస్తి నుంచి చెల్లించాలి. అప్పుడు స్టేషన్‌లో ఉన్న వాహనమే మీకు ముఖ్యమైన భరోసా. తగిన పూచీకత్తు లేకుండా దాన్ని వదలవద్దని వెంటనే లాయరు ద్వారా అభ్యంతరం దాఖలు చేయించండి. ఆర్టీసీ బస్సు అయితే భయపడనక్కరలేదు, సంస్థే చెల్లిస్తుంది.

గుద్దిన వాహనం ఆగకుండా వెళ్లిపోయింది. నంబరు తెలియదు.

దీనికి 2022లో వచ్చిన ప్రత్యేక పథకం ఉంది. మరణిస్తే 2 లక్షలు. ట్రిబ్యునల్‌కు కాదు, ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ డివిజన్ అధికారికి లేదా తహసీల్దారుకు దరఖాస్తు చేయాలి. విచారణ తర్వాత కలెక్టరు మంజూరు చేస్తారు. లాయరు అవసరం లేదు. తర్వాత వాహనం దొరికి పూర్తి పరిహారం వస్తే ఈ 2 లక్షలు అందులోంచి తిరిగి చెల్లించాలి, అంతే. అందుకని నంబరు కోసం వెతకడం ఆపవద్దు. టోల్ గేటు కెమెరాల్లో వాహనం బయటపడే అవకాశం ఉంది.

బీమా కంపెనీ తనంతట తానే సెటిల్‌మెంటుకు వచ్చింది. లోక్ అదాలత్‌లో తేల్చుకోమంటున్నారు. మంచిదేనా?

మంచిదే, లెక్క మీ చేతిలో ఉంటే. పైన చెప్పినట్టు కాగితం మీద లెక్క వేసుకుని వెళ్లండి. వడ్డీ, కాలం, అప్పీలు భయం లేకుండా వెంటనే డబ్బు అందడం చూసుకుని, న్యాయమైన మొత్తంలో కొద్దిగా తగ్గినా ఒప్పుకోవడం తెలివైన పనే. సగానికి ఒప్పుకోవడం తెలివి కాదు. లోక్ అదాలత్ అవార్డుపై అప్పీలు లేదని గుర్తుంచుకోండి. ఆ రోజు హాలులో జనం, తొందర, లాయర్లు ఇద్దరూ ‘ఒప్పేసుకోండి అమ్మా’ అనడం, వీటి మధ్య నిర్ణయం తీసుకోవద్దు. ముందు రోజే ఇంట్లో కూర్చుని ‘ఇంతకు తగ్గితే ఒప్పుకోం’ అని ఒక అంకె రాసుకోండి.

ఎల్ఐసీ డబ్బు, పీఎఫ్, కుటుంబ పింఛను వచ్చాయి. వాటిని తగ్గిస్తారా?

తగ్గించరు. అవి మృతుడు కట్టుకున్నవి, సంపాదించుకున్నవి. వాటికీ ప్రమాదానికీ సంబంధం లేదని సుప్రీంకోర్టు 1998లోనే తేల్చింది. ఉద్యోగి చనిపోయాక అతని జీతానికి బదులుగా ప్రభుత్వం పథకం ప్రకారం కొన్నేళ్ల పాటు చెల్లించే సాయం ఉంటే, ఆ మేరకు మాత్రం సర్దుబాటు ఉంటుంది.

లాయరు వచ్చిన దాంట్లో 30 శాతం అడుగుతున్నాడు. ఇది మామూలేనా?

మామూలు కావచ్చు, సరైనది మాత్రం కాదు. ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. ఎంత ఫీజో ముందే రూపాయల్లో మాట్లాడుకోండి. ఇంకా ప్రమాదకరమైనవాళ్లు మార్చురీ దగ్గర తిరిగే దళారులు. వాళ్లు మీ కేసును లాయరుకు అమ్ముకుంటారు. వకాలత్‌తో పాటు ఖాళీ చెక్కులపైనా, బ్యాంకు కాగితాలపైనా సంతకాలు తీసుకుంటారు. ఏటీఎం కార్డు కూడా ఉంచుకుంటారు. చెక్కు అడిగిన మనిషిని ఆ క్షణమే వదిలేయండి.

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కుగా ఉంది. భర్తను కోల్పోయిన ప్రతి భార్యా దీనికి అర్హురాలే. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు. ఉచితం కాబట్టి సరిగా చూడరేమో అని వెనకాడకండి. కేటాయించిన లాయరు పట్టించుకోకపోతే మార్చమని రాసివ్వవచ్చు.

డబ్బు ఎవరి చేతికి వస్తుంది? అత్తమామలకు, మాకు పడటం లేదు.

ఎవరి వాటా వారికి ట్రిబ్యునలే తీర్పులో విడదీసి రాస్తుంది. సొమ్ము ఎవరి బ్యాంకు ఖాతాకు వారికే వెళ్తుంది. మైనర్ల వాటాను వారికి 18 ఏళ్లు నిండేదాకా జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉంచుతారు. చదువు, వైద్యం లాంటి అవసరాలకు కోర్టు అనుమతితో కొంత తీసుకోవచ్చు. చదువు రాని పెద్దల వాటాలో కొంత భాగాన్ని కూడా ఇలాగే డిపాజిట్ చేయడం ఉంది. అది మీపై అపనమ్మకం కాదు. ఒకేసారి పెద్ద మొత్తం వచ్చిన ఇంటికి అప్పు అడిగే బంధువులు వరస కడతారని కోర్టులు చాలాకాలం కిందటే గ్రహించాయి.

కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులు, భర్తను పోగొట్టుకున్న అమ్మాయి ఒకరినొకరు శత్రువులుగా చూసుకోవడం ఈ కేసుల్లో అన్నిటికంటే బాధ కలిగించే విషయం. ఒకరు ఎక్కువ అడిగితే ఇంకొకరికి తగ్గుతుందన్న భయమే దీనికి మూలం. నిజానికి అందరూ ఒక పిటిషన్‌లో ఉంటే ఆధారపడినవారి సంఖ్య పెరిగి, సొంత ఖర్చు కింద కోసేది తగ్గుతుంది. మొత్తమే పెరుగుతుంది.

ప్రమాదం రోడ్డుపై జరగలేదు. రైలు నుంచి పడిపోయాడు, కరెంటు తీగ తగిలింది, ఆసుపత్రిలో చనిపోయాడు. వీటికి?

దారులు వేరు. రైలు ప్రయాణంలో పడి చనిపోతే రైల్వే క్లెయిముల ట్రిబ్యునల్‌లో ఏడాదిలోపు వేయాలి. పరిహారం 8 లక్షలు. రైల్వే తప్పు రుజువు చేయనక్కరలేదు. జేబులో టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో కొట్టేయకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడికి, ఎందుకు బయలుదేరాడో తెలిసినవారు అఫిడవిట్ వేయాలి. ఆత్మహత్య, మద్యం మత్తు, సొంత నేరం అయితే రాదు.

తెగిపడిన కరెంటు తీగ వల్ల ప్రాణం పోతే, నిర్లక్ష్యం రుజువు చేయకపోయినా విద్యుత్ సంస్థ బాధ్యత వహించాలన్నది 2002 నుంచి స్థిరపడిన సూత్రం. చికిత్సలో నిర్లక్ష్యం విషయానికి వస్తే, డబ్బు తీసుకునే ఆసుపత్రిపై వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ముందు చికిత్స రికార్డు మొత్తం రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది. రోగి చనిపోయినంత మాత్రాన నిర్లక్ష్యం కాదు. అదే రంగంలోని మరో డాక్టరుకు రికార్డు చూపించి, ఆ అభిప్రాయం తీసుకున్నాకే ముందుకు వెళ్లడం మేలు. పనిలో ఉండగా చనిపోతే కార్మిక శాఖ అధికారి ముందు క్లెయిము వేయాలి. లారీ డ్రైవరు డ్యూటీలో ప్రమాదంలో చనిపోతే ఆ దారి, మోటారు ట్రిబ్యునల్ దారి రెండూ ఉంటాయి కానీ ఒక్కటే ఎంచుకోవాలి. ఏది లాభమో లెక్క వేయించకుండా మొదటి కాగితం దాఖలు చేయవద్దు.

తీర్పులో చాలా తక్కువ వచ్చింది. ఏం చేయాలి?

90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు చేయవచ్చు, తేడా లక్ష రూపాయలకు తక్కువ కాకుండా ఉంటే. బీమా కంపెనీ కూడా ఇదే గడువులో అప్పీలు చేయవచ్చు. అది అప్పీలు వేసిందని తెలిస్తే, తక్కువ వచ్చిందన్న మీ వాదనను అదే అప్పీలులో ఎదురు అభ్యంతరంగా వేసుకునే వీలుంది. తీర్పు చదివిన రోజే ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేయండి. నకలు చేతికి రాగానే ముందుగా చూడవలసినవి నాలుగు: మృతుడి వయసుకు సరైన గుణకం వాడారా, భవిష్యత్తు పెరుగుదల కలిపారా, ఆధారపడినవారిని అందరినీ లెక్కించారా, పిల్లలకూ తల్లిదండ్రులకూ విడిగా ఇవ్వవలసినది ఇచ్చారా. తక్కువ వచ్చిన తీర్పుల్లో లోపం ఎక్కువగా ఈ నాలుగింటిలోనే దొరుకుతుంది.